కొత్త పడుగు, పాత కొసలు

ప్రశ్న అడిగితే భ్రమరాంబ మేడం జవాబు చెప్పదు, చెప్పులు తొడుక్కుంటుంది. మెదడు గురించి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, పుస్తకం టపీమని మూసి "పద" అంటుంది. అంతే, వెనకాల నడవాలి.

ఆ రోజు అడిగింది వకుళ. వయసు యాభై రెండు. ఇరవై ఎనిమిదేళ్ళు వార్డులో నర్సుగా చేసి, పై చదువుకని పిల్లల మధ్య వచ్చి కూర్చుంది. నరాల పాఠంలో రెండుసార్లు తప్పింది. కోర్సు మానేస్తానని రాసిన కాగితం అప్పటికే సంచిలో ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"మేడం, పెద్దయ్యాక కూడా మెదడులో కొత్త జ్ఞాపకాలు పట్టే హిప్పోకాంపస్‌లో కొత్త కణాలు పుడతాయన్నారు. చాలా మటుకు కొద్ది వారాల్లోనే చస్తాయనీ, కష్టపడి నేర్చుకుంటే ఎక్కువ బతుకుతాయనీ అన్నారు. ఎలుకల సంగతి సరే, మనుషుల్లో ఎంతవరకో ఇంకా వాదులాడుకుంటున్నారనీ అన్నారు. నేను రాత్రనక పగలనక బట్టీ పడుతున్నానే. మరి నావేమవుతున్నాయి?"

"పద."

ఊరి చివర చేనేత కాలనీలో వీరనాగమ్మ మగ్గం. మేడం పుట్టింది ఆ వీధిలోనే, ముసలామెను "అత్తా" అంటుంది. నిలువు పోగుల పాత పడుగు నేత అయిపోయింది. దాని కొసలు వందలకు వందలు, దువ్వెనలాంటి అచ్చు కంతల్లోంచి వేలాడుతున్నాయి. వీరనాగమ్మ వేళ్ళకు బూడిద అద్దుకుని, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతోంది.

వార్డులో మసిలిన చెయ్యి, దారప్పీలిక కనబడితే ఊరుకోదు. వకుళ సంచిలోంచి కత్తెర తీసి, వేలాడే కొసల్ని నాలుగు కత్తిరించి లాగేసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఏం పని చేశావే తల్లీ," అంది వీరనాగమ్మ, గొంతు పెంచకుండానే. "అది చెత్తనుకున్నావా? దారి చూపేది అదే. ఇప్పుడా నాలుగూ నువ్వే దూర్చు."

వకుళ కూర్చుంది. అచ్చులో కంత కనపడదు, కనపడితే పోగు దూరదు, దూరితే పక్క కంతలోకి పోతుంది. అరగంట గడిచింది.

"సూదులు పొడిచే చెయ్యి గదా, ఇంత మొరటేంటి?" అని ముసలామె నవ్వింది. ఆ మాట అంటూనే అతికిన గుత్తిని పట్టుకుని మెత్తగా లాగింది. ఎనభై కొత్త పోగులు, పాత కొసల వెంట, వేటి కంతల్లోకి అవి జారిపోయాయి. ఒక్కటీ తప్పలేదు. చదువురాని ఆ వేళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది వకుళకు.

"అతకని పోగులేమవుతాయి పెద్దమ్మా?"

"నాలుగు రోజులు అట్టాగే వదిలేస్తే గంజి బిరుసెక్కి తెగి రాలతాయి. పోగు మంచిదే. పట్టుకునేది లేక పోతుంది."

తిరుగు బస్సెక్కారు. వకుళ ఒళ్ళో సంచి పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. రైలు గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు ఉన్నట్టుండి అంది:

"మా వార్డులో ఏడో మంచం మీద ఒకాయన ఉండేవాడు మేడం. చిన్నప్పటి పద్యాలన్నీ తప్పులేకుండా చదివేవాడు. నా పేరు మాత్రం పూటకోసారి కొత్తగా అడిగేవాడు. విసుక్కునేదాన్ని పాపం. ఆయనకు దెబ్బతిన్నది... మీరు చెప్పిన ఆ హిప్పోకాంపసేనా?"

మేడం కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పాత కొసకు ఒక పోగు అతికింది. ఎనిమిదో మంచం మీద ఎవరు?"