క్షేమంకరీదేవి సందేహనివృత్తి

పూర్వం, మహర్షులు సముద్రతీరాన యాగాలు సాగించే కాలంలో, సైకతపురమనే రాజ్యాన్నేలే రాజు సంతానం లేక గతించగా, ఆనాటి ఆచారం చొప్పున మంత్రులు పట్టపుటేనుగైన భద్రదంతం దంతానికి పూలమాల తగిలించి, కొత్త ఏలికను ఎంచుకొమ్మని వీధుల్లోకి వదిలారు. ఆ గజశ్రేష్ఠం ఆశతో వచ్చిన పొరుగు రాజకుమారులందరినీ దాటి, ఉప్పు అమ్ముకుంటున్న క్షేమంకరి అనే పడుచు ముందు నిలిచి, గంపలోని ఉప్పు తిని, ఆమె మెడలో మాల వేసింది.

ప్రజావత్సలయైన ఆ మహారాణి ఇరవై ఏళ్లు కాలువలు తవ్వించి, పన్నులు తగ్గించి, పేదల తగవులు స్వయంగా తీర్చగా, రాజ్యమంతా దైవనిర్ణయమంటూ మురిసిపోయింది. ఆమెకు మాత్రం ఒకటే తికమక. ఏనుగు తన కోసం వచ్చిందా, ఉప్పు కోసం వచ్చిందా?

ఇంతలో మూడేళ్లు వాన ముఖం చాటేసింది. నీతికోవిదుడైన మహామంత్రి ప్రభంకరుడు కొలువులో లేచి, "దేవీ, నాడు ఏనుగు ఉప్పుకు ఆశపడిందని, అర్హత లేని పాలన వల్లనే ఈ కరువని జనవాక్యం. మాల మరల వేయించండి. మీ మెడలో పడకుంటే సింహాసనం దిగండి" అన్నాడు.

కోపగించుకుందామంటే, అతడన్నది తన మనసులోని మాటే. రాణి సరేనని, మాల వేయించే నాడు ఉప్పు జాడ లేకుండా చేతులు ఏడుమార్లు కడుక్కుని, ఉతికిన చీర కట్టి, అంతలోనే దిగులుపడింది. ఉప్పు లేకపోతే రాదేమో. వస్తే మాత్రం ఎందుకొచ్చినట్టు?

భద్రదంతం మాలతో సభలోకి వచ్చి, తిన్నగా ప్రభంకరుడి వైపు నడిచింది. ఏనుగు అతడి నడికట్టులో దాచుకున్న ఉప్పుగడ్డను తొండంతో లాగి తిని, వెనుదిరిగి వచ్చి, మాల రాణి మెడలోనే వేసింది. మంత్రి తల వంచుకున్నాడు. రాణికి తికమక రెట్టింపైంది.

అంతట ఐరావతవాహనుడైన దేవేంద్రుడు ప్రత్యక్షమై, "కల్యాణీ, వరం కోరుకో" అన్నాడు.

"వాన కురిపించండి స్వామీ."

"అది నా ధర్మం, కురిపిస్తాను. ఆలస్యంలో నీ దోషం లేదు. నీ కోసం అడుగు."

"అయితే ఈ మూగజీవికి ఒక్కసారి మాట్లాడే శక్తి ఇవ్వండి."

ఇంద్రుడు తథాస్తు అనగానే భద్రదంతం నోరు విప్పింది. "అమ్మా, ఆనాడు ఉప్పు తినాలనిపించి తిన్నాను. తిన్నాక మాల నీకు వేయాలనిపించి వేశాను. ఎందుకో నాకూ తెలియదు. ఇవాళ మాత్రం తెలిసే వేశాను."

క్షేమంకరి ఏనుగు తొండానికి చెంప ఆన్చి ఏడ్చింది. బయట చినుకులు మొదలయ్యాయి.

ఈ వృత్తాంతం విన్న ఏలికలకు తమ పీఠం మీద కాస్త సందేహమూ, విన్న ప్రజలకు సకాలంలో వానలూ కలుగుతాయని పెద్దలంటారు.