ఫొటోలో నాలుగో మనిషి

మనుషుల్ని ఫొటో తీసేవాడు వాళ్లకి ఎంత దూరంలో ఉండాలని శేషఫణి ఒక ఆదివారం హయగ్రీవం మాస్టారిని అడిగాడు. మాస్టారు లెన్సు తుడుచుకుంటూ, "చూద్దాం" అన్నారు. ఏ ప్రశ్నకైనా ఆయన ముందు ఇచ్చే జవాబు అదే. కొన్నిసార్లు తర్వాత ఇచ్చేదీ అదే.

ఆయన బందరు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. కెమెరా పిచ్చి ఉన్న మేం నలుగురైదుగురం ఆదివారాలు ఆయన వసారాలో చేరేవాళ్లం. ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు. ఫణి పోస్టాఫీసులో టెలిగ్రాముల కౌంటరు గుమాస్తా. మాలో నిజంగా చెయ్యి తిరిగినవాడు అతనే, ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. ఫొటోగ్రాఫరు అక్కడ లేనట్టే ఉండాలనీ, బతుకు దాని మానాన అది నడుస్తుంటే చప్పుడు చేయకుండా పట్టుకోవడమే కళ అనీ అతని సిద్ధాంతం. అడిగింది తెలుసుకుందామని కాదు, మాస్టారి చేత అవుననిపించుకుందామని.

ఆ పూటే పిండిమర అక్కచెల్లెళ్లు వచ్చారు. పున్నమ్మ, వజ్రమ్మ, నాంచారమ్మ. కనుబొమల మీద పిండి రాలిన ఆ ముగ్గుర్నీ మర దగ్గర ఫొటో తీయాలని ఫణి ఆరు నెలలుగా తిరుగుతున్నాడు, వాళ్లేమో పొమ్మంటున్నారు. ఇప్పుడు వాళ్లంతట వాళ్లే వచ్చారు గాని, తలంటుకుని, పట్టుచీరలు కట్టుకుని, మొహాన పౌడరు అద్దుకుని వచ్చారు. ఫణి మొహం మాడిపోయింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. చిన్నామె నాంచారమ్మకి గుండె కవాటం చెడింది. బుధవారం రైలుకి పున్నమ్మ ఆమెని మద్రాసు తీసుకెళ్తోంది, ఆపరేషనుకి. వజ్రమ్మ మర చూసుకోవాలి గనక ఇక్కడే ఉంటుంది. ముగ్గురూ కలిసి దిగిన ఫొటో ఇంతవరకూ ఒక్కటీ లేదు. అది ఉండాలి, వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి.

ఫణి బల్ల వేశాడు, స్టాండు మీద కెమెరా బిగించాడు. వెలుగు మళ్లించడానికి తెల్లదుప్పటి పట్టుకుని నించున్నది నేను. అంతా కుదిరాక పున్నమ్మకి గుర్తొచ్చింది, ముగ్గురు ఫొటో దిగకూడదని, దిగితే నడిమి మనిషికి కీడని. ఇక మొదలైంది. నడుమ నేను కూర్చుంటానంటే నేనని పెద్దవాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. నాకెట్టాగూ బాగోలేదుగా, నేనే కూర్చుంటానని నాంచారమ్మ అంటే ఇద్దరూ కలిసి ఆమె మీద పడ్డారు. ఇవన్నీ మూఢనమ్మకాలని ఫణి ఉపన్యాసం అందుకున్నాడు. ఎవరైనా ఆపితే బాగుండునని నా ప్రాణం ఉసూరుమంది. పున్నమ్మ లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

అప్పుడు మాస్టారు, "ఫణీ, వెళ్లి వాళ్ల పక్కన కూర్చో. నలుగురవుతారు" అన్నారు.

గురువు మాట కాదనలేక వెళ్లి నాంచారమ్మ పక్కన, బల్ల చివర కూర్చున్నాడు. ఊరందరి మొహాలూ తీసినవాడికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ల మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. మాస్టారు బటను నొక్కారు.

బుధవారం పొద్దున ఫణి అట్ట మీద అంటించిన పెద్ద ప్రింటు పట్టుకొచ్చాడు. మంచి ఫొటో. అబద్ధం ఎందుకు చెప్పాలి, కడుపుమంట పుట్టించే ఫొటో. పట్టుచీరలూ పౌడరూ ఎటు పోయాయో, ముగ్గురి మొహాల్లోనూ ఎంతో నెమ్మది ఉంది. అవును, ముగ్గురే. తను కళ్లు సగం మూసుకుని దొంగలా పడ్డాడని, ఆ చివర బ్లేడుతో కోసేశాడు. బటను నొక్కింది మాస్టారే అయినా అమర్చింది తనే గనక, నెలాఖరుకి బెజవాడ ఫొటోల పోటీకి దీని నకలే పంపుతాడట. మరి వాళ్లకి మాటిచ్చింది నలుగురని కదా అన్నాను. దిగినప్పుడు నలుగురమే ఉన్నాం, దోషం అప్పుడే పోయిందన్నాడు. నమ్మకం లేనివాడికి శాస్త్రం బాగానే తెలుసు.

మాస్టారు చాలాసేపు చూశారు. "కోసిన ముక్క ఏదీ?" అన్నారు.

ఫణి సంచిలోంచి పుస్తకం తీశాడు. చదివిన పేజీ గుర్తుకి ఆ ముక్క అందులో పెట్టుకున్నాడు. మాస్టారు దాన్ని తీసుకుని ఫొటో అంచుకి ఆనించారు.

ఆ ముక్కలో ఫణి ఉన్నాడు. అతని మోచేతి దగ్గర ఒక చెయ్యి ఉంది. నాంచారమ్మది. చొక్కాని గుప్పిట్లోకి లాక్కుని, వేళ్ల కణుపులు తేలేలా పట్టుకుంది. పమిట కప్పి ఉండటంతో ఫొటోలో ఆ చెయ్యి లేని లోటు తెలియలేదు. ప్రింటు వేసింది అతనే, కోసింది అతనే, అయినా తన మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. మేం మొహాల్లో చూసి మెచ్చుకున్న నెమ్మది అంతా ఆ గుప్పిట మీద ఆనుకుని ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఫణి నెమ్మదిగా తన మోచెయ్యి తడుముకున్నాడు.

రైలు ఒంటిగంటకి. అతను మాస్టారి చీకటిగదిలోకి వెళ్లి మళ్లీ ప్రింటు వేశాడు, ఈసారి నలుగురితో. రిక్షా వచ్చేసరికి అది ఇంకా తడిగానే ఉంది. పున్నమ్మ వేలుపెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుని తృప్తిపడింది. నాంచారమ్మ మాత్రం చివరన చూసి నవ్వింది.

"అయ్యో, నీ చొక్కా ఎట్టా నలిపేశానో చూడు అబ్బాయ్."

పన్నెండో రోజున మద్రాసు నుంచి వజ్రమ్మ పేర టెలిగ్రాం వచ్చింది. ఆపరేషను అయింది, కళ్లు తెరిచింది, అన్నం అడిగింది. అందుకున్నది ఫణే. బంట్రోతుకి ఇవ్వకుండా, కౌంటరు పక్కవాడికి అప్పజెప్పి, ఎండలో పిండిమర దాకా తనే పరిగెత్తాడట. మేలు చేసింది ఫొటో అని వజ్రమ్మ, డాక్టరని ఫణి. వాదన తేలలేదు గాని తిరిగొచ్చేటప్పుడు అతని జుట్టు నిండా పిండి.

ఆ ఆదివారం వసారాలో ఇదంతా చెప్పాడు. బెజవాడ పోటీ గడువు అంతకు ముందురోజే దాటిపోయింది. నేను అనేదాకా అతనికి గుర్తే లేదు. ఎంత దూరంలో ఉండాలని తను అడిగిన ప్రశ్నకి మాస్టారు ఇంకా జవాబు చెప్పలేదన్నాడు.

మాస్టారు లెన్సు తుడవడం ఆపారు.

"ఫొటో దిగిన రోజు నువ్వు తొడుక్కున్న చొక్కా ఏం చేశావు?"

"నలిగిందని ఇస్త్రీకి ఇచ్చేశానండి, ఆ సాయంత్రమే."

"తొందరపడ్డావు" అన్నారు మాస్టారు.