కొలిమిదిబ్బ నల్లకాడమ్మ: సగం తోమిన కత్తి కథ

బందరు దాటి సముద్రపు గాలి ముఖానికి తగిలే దూరంలో, ఉప్పు కయ్యల నడుమ కొలిమిదిబ్బ అనే ఊరున్నది. బస్సు దిగి తాటాకు పందిరి నీడన నాలుగడుగులు వేస్తే నల్లకాడమ్మ తల్లి గుడి. గోపురం చిన్నదే. మహిమ పట్టడానికి మాత్రం పద్నాలుగు లోకాలూ చాలవు.

లోపల విగ్రహం లేదు. ఎర్రపట్టు పరచిన పీటమీద పిడి లేని వంపు కత్తి ఒకటి పవళించి ఉంటుంది. అలుగు, అంటే కోసే పదునైన భాగమంతా, పట్టువస్త్రంలో దాగి ఉంటుంది. మామూలుగా పిడిలో దాగవలసిన కాడ మాత్రం బయటికి కనిపిస్తుంది. ఆ కాడ సగం వెండిలా మెరుస్తుంది, సగం కాకిరెక్కలా నల్లగా ఉంటుంది. పక్కనే బంగారు తూనీగ పొదిగిన గుండ్రటి ఇనుప బిళ్ళ ఉంటుంది. అది అలుగుకూ పిడికీ మధ్య అమరి, పట్టిన చేతిని కాచే బిళ్ళ.

దర్శనానికి ముందు ప్రతి భక్తునికీ ఒక తమలపాకు ఇస్తాం. దాన్ని పెదవుల మధ్య పట్టుకుని మాత్రమే తల్లి ముందు నిలబడాలి. ఎదుటివాడికి మైకు అందనివ్వని నాయకులు కూడా ఇక్కడ నోరు మూసుకుని నిలబడగా ఈ దాసుడు కళ్ళారా చూశాడు. అంతకన్న మహిమ ఏం కావాలి?

పూర్వం ఇక్కడ గుడి లేదు. కమ్మరి కొలుములు ఉండేవి, వాటి మధ్య అమ్మవారి పేరిట పసుపు రాసిన రాయి ఒకటి ఉండేది. ఈ సీమను సోమభూపాలుడనే దొర ఏలేవాడు. ఆయనకు కత్తులంటే ప్రాణం. పారశీకపు కత్తులు, అరబ్బీ బాకులు, తురక కరవాలాలు కోటలో ఏడువందలు ఉండేవట. డెబ్బై అని కొందరంటారు. వారు గుమ్మం దగ్గరే ఆగిపోయిన వారు.

ఆ కత్తుల్లో ఏది అసలో ఏది నకిలీయో తేల్చేవాడు గౌరోజు. ఈ దాసునికి పదకొండో తాత. కత్తిని గోటితో మీటి, ఆ మోత విని, అది ఏ దేశపు ఇనుమో, ఎన్ని మార్లు మడిచి కొట్టారో, కొట్టిన పూట కమ్మరి ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్నారో లేదో కూడా చెప్పేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కనాడూ ఆయన మాట తప్పు కాలేదు. ఆ సంగతి ఆయనే రోజుకు నాలుగుసార్లు అందరికీ చెప్పేవాడు.

ఒకనాడు తూర్పు దీవుల నుంచి వచ్చిన ఓడలో ఒక ముసలి జపాను సిపాయి దిగాడు. పేరు కిచిజో. మన వాళ్ళ నోట కిచ్చయ్య అయ్యాడు. ఒంటిమీద బట్టలు, నడుముకు కత్తి తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. దిగిన మూడోనాడే ఓడ నడిపే సరంగు కోటకొచ్చి, దొర ఎదుట ఆ కత్తి తనదన్నాడు. రెండేళ్ళ క్రితం తానే దీవుల్లో చేయించుకున్నాననీ, ముసలివాడు దొంగిలించాడనీ ఫిర్యాదు చేశాడు. అది తన ఏడుతరాల ముందువారి కత్తి అని కిచ్చయ్య వచ్చీరాని తెలుగులో మొరపెట్టుకున్నాడు.

దొర ఇలా సెలవిచ్చాడు. "కత్తి పాతదైతే ముసలాయనది. కొత్తదైతే సరంగుది, ముసలాయన సంకెళ్ళతో ఓడ ఎక్కాలి. గౌరోజూ, సాయంత్రానికి తేల్చు."

కొలిమి దగ్గర కిచ్చయ్య కత్తి విప్పాడు. విప్పే ముందు గౌరోజు భార్య పేరమ్మ పళ్ళెంలోంచి ఒక తమలపాకు తీసి పెదవుల మధ్య పెట్టుకున్నాడు. వెదురు మేకు ఊడదీసి, పిడి లాగి, అంతా వేరు చేశాక గానీ ఆకు తీయలేదు.

"ఎందుకయ్యా ఆ ఆకు?" అన్నాడు గౌరోజు.

"మా దేశం, కాగితం. ఇక్కడ ఆకు. ఊపిరి తగిలితే ఇనుము ఏడుస్తుంది," అన్నాడు కిచ్చయ్య. ఆ వెంటనే దొర భటులు వచ్చి, తీర్పు అయ్యేదాకా ఆయనను కోటకు తీసుకుపోయారు.

గౌరోజు అలుగు చూశాడు. దాని అంచున పొగమంచులాంటి తెల్లని అలలు ఉన్నాయి. మీటాడు, చెవి ఒగ్గాడు. పాతదని నిమిషంలో తెలిసిపోయింది. అంతటితో ఊరుకుంటే ఈ గుడి లేదు. పిడిలో దాగిన కాడ చూసేసరికి ఆయన ప్రాణం విలవిలలాడింది. అది తుప్పుతో నల్లగా ఉన్నది. తుప్పు పట్టిన ఇనుమును దొర ముందు పెడితే మా కమ్మరి కులానికి తలవంపులు. నాగటి కర్రునైనా మెరిపించకుండా గడప దాటించని వంశం మాది. చింతపండు, ఇటుకపొడి తెమ్మన్నాడు.

పేరమ్మ తెచ్చింది గానీ ఊరుకోలేదు. "లోకంలో కత్తులన్నీ నీతో మాట్లాడతాయి, నా మాట మాత్రం నీ చెవికెక్కదు. ఎవరి సొమ్మో అది. తోమమంటారా అని ఆ ముసలాయన్ని ఒక్క మాట అడగరాదూ?"

"కత్తి సంగతి నన్నొకరు అడగాలి గానీ నేనొకర్ని అడగడమేమిటే?" అన్నాడాయన.

సగం కాడ తళతళలాడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చద్దన్నం తిని కొలిమి గోడకు ఆనుకున్నాడు, కునుకు పట్టింది. ఆ కునుకులో పసుపు రాసిన రాతిలోంచి ఒక ముసలమ్మ లేచి వచ్చింది. ముఖమంతా ముడతలు. చేతిలో ఇటుకపొడి.

"గౌరోజూ, నా ముఖం కూడా తోమిపెట్టు నాయనా. ముడతలన్నీ పోవాలి."

"అవి పోతే నువ్వు ఎన్నేళ్ళదానివో ఎవరికి తెలుస్తుందమ్మా?"

"మరి పొద్దున్నించీ నువ్వు చేస్తున్నదేమిటిరా?"

ఉలిక్కిపడి లేచాడు. ఒళ్ళో సగం మెరుపు, సగం నలుపు. అలుగును ప్రతి తరం సానపడుతుంది, దాని వయసు దాని ముఖంలో కనపడదు. వయసంతా కాడమీది తుప్పులోనే ఉంటుంది. ఏ దేశపు కమ్మరీ దాన్ని ముట్టడు. మోత గౌరోజు చెవికే తెలుసు; సభ కళ్ళకు కనపడే, ముసలాయనకున్న ఒకే ఒక్క సాక్షి నోటిని, నలభై ఏళ్ళు తప్పెరగని గౌరోజు తన చేతులారా సగం నొక్కేశాడు.

సాయంత్రం సభ నిండింది. కాడ చూసి సరంగు పకపకా నవ్వాడు. "అద్దంలా మెరుస్తోంది. ముసలివాడి ఏడుతరాలు ఇవేనా దొరా?"

తోమిన కాడ కిచ్చయ్య కంట పడింది. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

దొర గౌరోజు వైపు చూశాడు. సభంతా చూసింది. కత్తి తన దగ్గరికి వచ్చినప్పుడే ఇలా ఉన్నదంటే కాదనే ధైర్యం ఆ సభలో ఒక్కడికీ లేదు. తన పేరు నిలిచేది, ముసలాయన సంకెళ్ళతో ఓడ ఎక్కేవాడు. గౌరోజు తలపాగా తీసి దొర పాదాల దగ్గర పెట్టాడు.

"ప్రభూ, ఆ మెరుపు నాది. కత్తిది కాదు. బుద్ధిలేక నేను తోమాను. కత్తి మాట వినాలంటే మిగిలిన నలుపును అడగండి."

"నలుపుదేముంది, ఉప్పునీళ్ళలో వారం ముంచితే ఏ ఇనుమైనా తుప్పు పడుతుంది," అన్నాడు సరంగు.

"అయితే నీ మొలలో చాకు ఇలా ఇవ్వు," అన్నాడు గౌరోజు. సముద్రం తిరిగిన ఆ చాకు పిడి దగ్గర తుప్పు తేలి ఉన్నది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ ఎర్రబడింది. అదే గుడ్డ తెల్లవైపు తిప్పి, నల్లని కాడమీద మెల్లగా ఒత్తి తీశాడు. గుడ్డ మల్లెపువ్వులా ఉన్నది.

"కొత్త తుప్పు ఎర్రన, చేతికంటుతుంది. ఇది ఇనుములో ఇంకి నల్లబడి గట్టిపడ్డ తుప్పు. ఇందుకు వారాలు చాలవు ప్రభూ, తరాలు కావాలి. నేను తోమిన చోట చూడండి, కాడమీద కమ్మరి చెక్కిన అక్షరాల లోతులో ఆ నలుపే ఇంకా కూర్చునుంది. నా ఇటుకపొడి పైపైనే పోయింది."

దొర గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు. కత్తిని స్వయంగా తీసుకుపోయి కిచ్చయ్య చేతుల్లో పెట్టాడు. సరంగు ఆ పూటే రేవు వదిలాడు.

కిచ్చయ్య దేశం అప్పటికి తలుపులు మూసుకున్నది. వెళ్ళినవారిని తిరిగి రానిచ్చేవారు కారు. ఆయన కొలిమిదిబ్బలోనే గౌరోజు ఇంటి పక్కన ఉండిపోయాడు. కాలం తీరేముందు కత్తిని పసుపురాతి ముందు ఉంచి, "నల్ల సగం మీ అమ్మది, ఎవరూ ముట్టవద్దు. తెల్ల సగం గౌరోజుది," అన్నాడు. నాటినుంచీ తల్లి నల్లకాడమ్మ అయింది, కత్తే ఆమె రూపమయింది.

నేటికీ విజయదశమినాడు గౌరోజు వంశీకుడు భక్తులందరి ఎదుట చింతపండుతో ఆ తెల్ల సగాన్ని మాత్రం తోముతాడు. తోమకపోతే అది మళ్ళీ నల్లబడి తాతగారి తప్పు కనపడకుండా పోతుంది. పోనివ్వకూడదని కట్టడి. తప్పుచేసి చెప్పలేక నలిగేవారు ఎందరో ఆరోజు వస్తారు. ఆకు పట్టుకుని నిలబడతారు. ఆకు తీశాక వచ్చే మొదటి మాట నిజమే కావాలి. అలా చెప్పి వెళ్ళినవారి గుండె బరువు ఉప్పు కయ్య దాటేలోపు దిగిపోతుందని తల్లి అభయం.

యాభై ఏడు విజయదశములు ఈ సేవ చేసిన చేయి ఈ దాసునిది. ఈ చేయి ఒక్కసారీ నల్ల సగంలోకి గీత దాటలేదని ఈ పుస్తకం పాత ముద్రణలలో పెద్ద అక్షరాలతో ఉండేది. ఈ ముద్రణలో ఆ వాక్యం తీయించాను. నిరుడు చేయి వణికింది. నల్లని వైపు, సరిహద్దు పక్కనే, బియ్యపుగింజంత మేర నలుపు చెరిగిపోయింది. ఎవరూ చూడలేదు. ఆకు తీసి, వచ్చిన జనమంతా వినేలా చెప్పాను.

దర్శనానికి వచ్చినప్పుడు కాస్త వంగి చూడండి. ఆ గింజంత మెరుపు నాది.