గగనసింహానికి గొంతు పోయిన ఆట

తునిలో బుర్రకథ చెప్పే కోటిలింగం గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఎక్కడికో తీసుకెళ్ళి ఏదో చూపిస్తారు. అర్థమైతే మన అదృష్టం, కాకపోతే నడకైనా దక్కుతుంది.

ఆ శనివారం ఆయన కథకు పదకొండుమంది వచ్చారు. మిగతా ఊరంతా ‘గగనసింహం’ రెండో భాగానికి పోయింది. దళంలో హాస్యం చెప్పే నూకరాజు తను వాయించే గుమ్మెట కింద పెట్టేశాడు. సోమవారం నుంచి సెల్‌ఫోన్ల షాపులో చేరతానని అప్పటికే మాట ఇచ్చి వచ్చాడు. ఆ సంగతి గురువుకు చెప్పలేక కాసేపు నసిగి, చివరికి ఇలా అడిగాడు.

"గురువుగారూ, అన్నేసి కోట్లు పోసి తీసిన వినోదం ముందు మన మూడు గొంతులు ఏపాటి?"

మర్నాడు మ్యాట్నీ వేళకు కోటిలింగం గారు చెప్పులు వేసుకున్నారు.

ఉన్నమాట చెప్పాలి, సినిమా బాగుంది. వీరుడు మునిగిపోయే ఓడను ఒంటిచేత్తో ఎత్తి ఒడ్డున పెడితే, డెబ్భై ఏళ్ళ గురువుగారు ఈల వేశారు. నూకరాజు లోపల దిగులున్నా నోరు తెరుచుకునే చూశాడు. మొదటి భాగంలో చచ్చిన విలన్ మళ్ళీ సముద్రంలోంచి కొండంత ఎత్తున లేచి, వీరుడికి ఎదురు నిలబడి ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే హాల్లో సౌండు పోయింది.

బొమ్మ ఆడుతోంది, మాట లేదు. జనం గోల మొదలుపెట్టారు. కథలో ఎక్కడ ఖాళీ వచ్చినా పూరించడం నూకరాజుకు పన్నెండేళ్ళ అలవాటు. విలన్ పెదాలు కదులుతుంటే అతని నోరు ఊరుకోలేదు.

"పోయిన భాగంలోనే చంపేశావు గదరా, మళ్ళీ ఎందుకు లేపావు?"

హాలు ఘొల్లుమంది. బాల్కనీలోంచి ఒకావిడ వీరుడి తరఫున బదులిచ్చింది.

"అప్పుడు మా ఆయన నిద్రపోయాడు. ఆయన కోసం ఇంకోసారి చావు."

ఇక పట్టపగ్గాల్లేవు. ముందు వరసలవాళ్ళు గుద్దు గుద్దుకీ నోటితో చప్పుళ్ళు చేశారు. కొందరు సముద్రం హోరు అందుకున్నారు. గురువుగారు ముందు సీటు మీద దరువు వేస్తుంటే, అందులో కూర్చున్నాయన వెనక్కి తిరిగి తాళం వేశాడు. నూకరాజు విలన్ చేత వాళ్ళమ్మకు ఫోను కూడా చేయించాడు. అతను అంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు.

పది నిమిషాలకు సౌండు వచ్చింది. దాన్ని మళ్ళీ కట్టెయ్యమని ఆపరేటర్ మీద ఎవరో కేకేశారు. అయినా వీరుడు గెలిచినప్పుడు అందరితోపాటు వీళ్ళిద్దరూ లేచి చప్పట్లు కొట్టారు.

గేటు దగ్గర ఒక పెద్దమనిషి నూకరాజును ఆపి, ఏం చేస్తుంటావని అడిగాడు. బుర్రకథ చెబుతానన్నాడు నూకరాజు. అనేశాక గానీ షాపు గుర్తు రాలేదు. అప్పుడు గురువుగారికి ఆ సంగతంతా చెప్పేసి, రేపు అక్కడికి వెళ్ళనని కూడా చెప్పాడు.

కాస్త దూరం నడిచాక కోటిలింగం గారు ఇలా అన్నారు.

"మూడో భాగం ఎప్పుడొస్తుందో కనుక్కోరా. సౌండు ఉన్నా సరే, పోదాం."