నక్క మెడలో పలుపు

పరాయి చేలో మేసి పట్టుబడ్డ పశువుల్ని ఊరి చివర బందెలదొడ్డిలో పెడతారు. యజమాని వచ్చి విడిపించుకునేదాకా అక్కడే. ఆ దొడ్డిలో ఒక ముసలి దున్నపోతు ఏళ్ల తరబడి ఉండిపోయింది. దాన్ని విడిపించే నాథుడు లేడు కాబట్టి తీరిక దొరికింది, తీరిక ఉంది కాబట్టి న్యాయాధిపతి అయింది. మనలోనూ పెద్దమనుషులు అలాగే కదా తయారయ్యేది!

ఒక ఉదయం గాడిద కుంటుకుంటూ వచ్చింది.

"అయ్యా, దారిన పోతున్నదాన్ని, అంకయ్యగారి కుక్క నా కాలు కొరికేసింది. ఇక బతుకంతా కుంటడమే."

కుక్క తరఫున నక్క లేచింది. ఫీజుగా, నక్క కోళ్లగూటికి వచ్చినప్పుడు మొరగనని కుక్క మాటిచ్చింది మరి.

"ఏమ్మా, నువ్వెవరి గాడిదవి?"

"మూటలు మోసినన్నాళ్లూ ఒకాయన గాడిదని బాబూ. ఆటో కొనుక్కుని నన్ను వదిలేశాడు."

"మెడలో పలుపుందా?"

"లేదు."

"అయితే కేసే లేదు ప్రభూ! జంతువుని కొడితే దాని యజమాని ఆస్తికి నష్టం. అదీ చట్టం. ఎవరి ఆస్తీ కానిదానికి నష్టమేమిటి?"

"నొప్పి నాది కదా!"

"నొప్పికి సెక్షన్ లేదమ్మా."

దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది గాడిద ఏడుపు. కేసు కొట్టేశారు. అంత బాధలోనూ అది కోర్టుకి దండం పెట్టి వెళ్లింది. నాకైతే ఒళ్లు మండింది.

సాయంత్రం నక్క ఫీజు వసూలుకి బయల్దేరింది. కుక్క మొరగలేదు, చప్పుడు చేయకుండా వచ్చి తొడ పట్టేసింది.

"అన్నా, మన ఒప్పందం!"

"మొరగనన్నాను, కరవనన్నానా? కోళ్లకి యజమాని ఉన్నాడు లాయరుగారూ. మీకెవరున్నారు?"

మర్నాడు నక్క కోర్టుకి బయల్దేరింది. తెలివైనది కదా, పెంటదిబ్బ మీద ఎవరో పారేసిన పలుపు తీసి మెడకి తగిలించుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"ప్రభూ, నేను అంకయ్యగారి నక్కని. ఆయన ఆస్తిని ఈ కుక్క పాడుచేసింది."

"పలుపుంది, నిజమే," అంది దున్నపోతు. "కుక్కా, తప్పు నీదే."

కుక్క తల వంచింది. "ఒప్పుకుంటానయ్యా. మా అయ్య ఆస్తిని మా అయ్యకే అప్పజెప్పేస్తాను. కోళ్లు తగ్గిపోతున్నాయని పాపం దుడ్డుకర్ర పట్టుకుని ఈయన కోసమే కాచుకుని ఉన్నాడు."

అంటూనే పలుపు కొస నోట కరుచుకుంది. నక్క వెనక్కి గుంజుకుంది.

"ప్రభూ, ఆయన నన్ను చంపేస్తాడు!"

"తన కుండ తాను పగలగొట్టుకుంటే నేరమేముంది?"

"అయితే నేనెవరి నక్కనీ కాను!"

"అప్పుడు కుక్క నిన్ను ఇక్కడే తింటుంది. ఏది నయమో నువ్వే చెప్పు, చట్టం తెలిసినదానివి," అని దున్నపోతు నెమరు వేసుకుంది.

నక్క ఇంకా ఆలోచిస్తూనే ఉంది. కుక్క మాత్రం అంకయ్య ఇంటి వైపు లాక్కుపోయింది.

నీతి: ఎదుటి ప్రాణాన్ని సామాను కింద జమకట్టినవాడు, తన వంతు వచ్చేసరికి తానూ సామానే.