చారలు లేని కోడిపిల్ల

హుసేన్‌పీరా మనసులో ఒక సంగతి చాలాకాలంగా నలుగుతోంది. ఒక గురువారం సాయంత్రం, వచ్చినవాళ్ళంతా బువ్వ తిని వెళ్ళిపోయాక, నబీతాత కాళ్ళు ఒత్తుతూ అడిగేశాడు.

"తాతా, ఈడ ఉంటామని వచ్చేవాళ్ళను చూస్తానే నాకు తెలిసిపోతాది, ఎవరిని ఉంచుకోవల్ల, ఎవరిని పంపేయల్ల అని. మీరేమో ఒక్కో మనిషిని నెలల తరబడి చూస్తారు. మీకెందుకు అంతసేపు పడతాది?"

నబీతాత కళ్ళు మూసుకునే నవ్వాడు. "నీ చూపు మంచిదేలేరా" అన్నాడు.

ఆ చూపు మంచిదని ఊరంతా ఒప్పుకునేదే. నల్లమల కొండల అంచున, నబీతాత అనే ఆ ముసలి ఫకీరు ఉండే చోటును జనం తకియా అంటారు. కులం, మతం అడగకుండా ఎవరొచ్చినా అక్కడ అన్నం పెడతారు. హుసేన్‌పీరా తాత దగ్గరికి శిష్యుడిగా వచ్చినప్పుడు ఒక జత చారల కోళ్ళను చంకలో పెట్టుకుని వచ్చాడు. ఈకల మీద నలుపూ తెలుపూ అడ్డంగా, నేసిన చారల దుప్పటిలా ఉండే కోళ్ళు. "నమాజుకు ఈ కోళ్ళ పెంపకం అడ్డం రాదు కదా తాతా?" అని అడిగితే, "కోడే కదా నిన్ను తెల్లారి లేపేది" అన్నాడట తాత.

ఆ కోళ్ళలో ఒక విశేషం ఉంది. గుడ్డులోంచి బయటపడిన రోజే ఏది పుంజో ఏది పెట్టో చెప్పేయవచ్చు. పుంజుపిల్ల పాలిపోయిన పసుపు రంగులో, నెత్తిమీద చెదిరిన పెద్ద తెల్లమచ్చతో ఉంటుంది. పెట్టపిల్ల ముదురు రంగు. వీపు మీద ఉడుతకున్నట్టు తీరుగా గీతలు, కంటి పక్కన సుర్మా దిద్దినట్టు సన్నటి చార. మొదట్లో మాత్రం ఇంత స్పష్టంగా ఉండేవి కావు. మచ్చలు అలుక్కుపోయి, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సగం పిల్లలు అనుమానంగానే ఉండేవి. హుసేన్‌పీరా ఏటేటా ఏరాడు. గీత తేటగా ఉన్న పిల్లలకు కాళ్ళకు రంగుదారం కట్టి గుర్తుపెట్టుకునేవాడు. అవి పెద్దయ్యాక రెక్క విప్పి చారల వరస చూసేవాడు, ముడ్డెముకల మధ్య వేళ్ళు పెట్టి గుడ్లు బాగా పెట్టే పెట్టేనా అని తడిమేవాడు, నడక చూసేవాడు. ఒకసారి రాజులాంటి పుంజు ఒకటి తయారైంది. దాని కూతకు రోడ్డున పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. కానీ దాని పిల్లల మచ్చలు మసగ్గా వచ్చాయి. హుసేన్‌పీరా ఒక పూటంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, చివరికి దాన్ని జోడు కట్టడం మానేశాడు.

ఇదంతా ఎందుకంటే, మగదిక్కు లేని ఆడవాళ్ళకు తకియా నుంచి పెట్టపిల్లల్ని ఉచితంగా ఇస్తారు. మామూలు కోడిపిల్లల్ని ఇస్తే, నెలలపాటు నూకలు పోసి పెంచాక సగం పుంజులై కూర్చుంటాయి. గుడ్లకోసం ఎదురుచూసిన ఇల్లాలి మొహం అప్పుడు చూడలేం. హుసేన్‌పీరా ఇచ్చిన పిల్ల పుంజు అయిన దాఖలా ఈమధ్యకాలంలో లేదు.

తాతకు చూపు మందగించాక, గేటు దగ్గర మనుషుల్ని చూసే పని కూడా అతని మీదే పడింది. కోడిపిల్లను చూసే చూపుతోనే మనుషుల్నీ చూడడం అతనికి ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు.

మర్నాడు పొద్దున్నే గుడ్లలోంచి కోడిపిల్లలు దిగాయి. ఆడవాళ్ళు అప్పటికే వచ్చి చాపలమీద కూర్చున్నారు. హుసేన్‌పీరా ముందు రెండు గంపలు. చేతిలోకి తీసుకోవడం, ఒకసారి తిప్పడం, ఇటో అటో వేయడం. "పెట్ట. పెట్ట. పుంజు. పెట్ట." వాళ్ళు ముచ్చటగా చూస్తున్నారు.

ఆ పనిలో ఉండగానే గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. మాసిన పంచె, ఎర్రటి కళ్ళు. గేటు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"అన్నా, నా పేరు ఓబులేసు. ఏదన్నా పని చేస్తా. ఈడ ఉండనిస్తారా?"

హుసేన్‌పీరా తలెత్తి చూశాడు. ఒక్కసారే.

"చోటు లేదు" అన్నాడు.

ఆ మనిషి వెనక్కి తిరిగి రోడ్డువైపు వెళ్ళిపోయాడు. హుసేన్‌పీరా ఇంకో పిల్లను తీసుకుని "పెట్ట" అన్నాడు.

నబీతాత గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. వంటచేసే బీబమ్మకు ఒక నాటుకోడి ఉంది. అది కట్టెల మోపు వెనక ఎవరికీ తెలియకుండా పొదిగి, ఆ వారమే పిల్లల్ని లేపింది. ఒకటి నలుపు, ఒకటి గోధుమరంగు, ఇంకోటి ఏ రంగో చెప్పలేం. వాటిలో ఒకదాన్ని తాత చొక్కా జేబులో వేసుకొచ్చాడు. శిష్యుడి పక్కన చతికిలబడి, దాన్ని తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"ఇది?"

హుసేన్‌పీరా నవ్వాడు. "ఇది బీబక్క కోడిపిల్ల తాతా."

"ఎవరిదైతేనేం. పెట్టా, పుంజా?"

అతను పిల్లను తిప్పి చూశాడు. నెత్తి చూశాడు, వీపు చూశాడు, కంటి పక్కన చూశాడు. బూడిదరంగు నూగు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళంతా అతనివైపే చూస్తున్నారు.

"తెలీదు తాతా."

"నీకే తెలీదా?"

"దీనికి గుర్తుండదు. మన కోళ్ళకైతే ఇన్నేళ్ళు ఏరి ఏరి ఆ గుర్తు తెచ్చుకున్నాం. దీన్ని ఎవరు ఏరినారు?"

"మరి ఎప్పుడు తెలుస్తాది?"

"నెలలు పడతాది. కొన్నిటికి కూత కూసేదాకా అనుమానమే."

"అందాక ఏం చేస్తావు?"

"ఏముంది, నూకలు వేయల్ల. నీళ్ళు పెట్టల్ల. గద్ద తన్నుకుపోకుండా చూసుకోవల్ల."

"సరే" అన్నాడు తాత. "ఇప్పుడు ఏ గంపలో వేస్తావు?"

హుసేన్‌పీరా చెయ్యి ఒక గంపమీదికి వెళ్ళి ఆగింది. ఇంకో గంపమీదికి వెళ్ళి ఆగింది. పిల్ల అతని అరచేతిలో వెచ్చగా, గుండె టకటకలాడిస్తూ, అతని బొటనవేలిని ముక్కుతో పొడిచింది.

తాత అతని భుజంమీద చెయ్యి ఆనించి లేచాడు.

"నాకు అంతసేపు పట్టేది అందుకేరా" అని, వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

హుసేన్‌పీరా పిల్లను, చూడ్డానికి వచ్చి నిలబడ్డ బీబమ్మ చేతికిచ్చి, "అక్కా, వీళ్ళను కాస్త కూర్చోబెట్టు" అని లేచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి రోడ్డుమీదికి పరుగెత్తాడు.

బస్సు ఆగేచోట ఓబులేసు ఒక రాయిమీద కూర్చుని ఉన్నాడు. ఎటు పోయే బస్సు ఎక్కాలో తెలిసినవాడిలా లేడు. ఒగరుస్తూ వచ్చిన హుసేన్‌పీరాను చూసి లేచి నిలబడ్డాడు.

"చోటుంది. రా" అన్నాడు హుసేన్‌పీరా.

ఓబులేసు కదల్లేదు. తల వంచుకుని అన్నాడు: "నువ్వు చూసింది నిజమే అన్నా. నేను తాగుతా. నిన్న రాత్రి కూడా తాగినా. ఇంట్లోవాళ్ళు తలుపు తీయడంలేదు. రేపటి సంగతి నేనే చెప్పలేను."

నిన్నటి హుసేన్‌పీరా అయితే ఆ మాటకే వెనక్కి తిరిగేవాడు.

"బువ్వ తిన్నావా?" అని అడిగాడు.

ఓబులేసు లేదన్నట్టు తల ఊపాడు.

ఇద్దరూ ఎండలో నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. తకియాలో బీబమ్మ జొన్నరొట్టె, పుంటికూర వడ్డించింది. నబీతాత అలికిడి విని, వసారాలో తన చాపమీంచి తలెత్తాడు.

"ఎవర్రా, నీతో వచ్చింది?"

"ఓబులేసు అంట తాతా."

"ఎట్లాంటోడు?"

హుసేన్‌పీరా ఓబులేసు ముందు నీళ్ళచెంబు పెట్టి, పక్కనే తనూ కూర్చున్నాడు.

"తెలీదు" అన్నాడు. ఆ మాట అంటుంటే అతని మొహంమీద దిగులు లేదు.

తాత చాపమీద కాస్త పక్కకు జరిగాడు. చోటు చేసి, "రొట్టె చల్లారిపోతాది, తినండి" అన్నాడు.