దీనమ్మ పిడికిలి

అనగా అనగా కాలవ అవతల ఒక పల్లె. ఆ పల్లెలో దీనమ్మ అని ఒకావిడ ఉండేది. పేరుకే దీనమ్మ గానీ, ఎవరి ముందూ తలొంచి ఎరగదు. దగ్గరికి జరుగు బంగారూ, కాళ్ళు కప్పుకో, చెబుతాను.

దీనమ్మ పొయ్యి పక్కన ఒక బుల్లి కుండ ఉండేది. అది ఏసయ్య కుండ. పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది. ఆదివారం గుడికి పట్టుకెళ్ళి, ముందున్న గంపలో పోసేది. ఆ పల్లె ఆడవాళ్ళందరూ అంతే. పొయ్యి వెలగని ఇళ్ళు ఉంటే ఆ బియ్యం వాళ్ళకి పంచేవాళ్ళు.

అప్పుడు ఏమైందీ? ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. దీనమ్మ ఇంటికప్పు ఎగిరిపోయింది. వాన కురిసినంతసేపూ దీనమ్మ ఆ కుండని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. తెల్లారాక ఆడబిడ్డ కరుణమ్మ వచ్చి చూసింది.

"ఇంకా ఎందుకే ఆ కుండ? నీ ఇంటికప్పు కూడా ఆపలేకపోయాడు గదా నీ దేవుడు!"

"కప్పు పోయింది వదినా, కుండ ఉందిగా," అంది దీనమ్మ. తడిసిన బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి అందులో వేసింది.

ఆ తర్వాత ఏడాది ఆమె మొగుడు ఏసోబుకి పచ్చకామెర్లు వచ్చాయి. ప్రార్థనలు చేసింది, పసరు మందు పోయించింది, ఉపవాసాలుంది. ఏదీ పనిచెయ్యలేదు, ఏసోబు పోయాడు. సమాధి చేసి ఇంటికొచ్చి, దీనమ్మ ఆ కుండని బోర్లించేసింది.

"ఇక నీకూ నాకూ చెల్లు," అంది దేవుడితో. ఎంత దుఃఖమో ఆ మనిషికి!

మర్నాడు పొయ్యి మీద ఎసరు పెట్టింది. బియ్యం చేటలోకి తీసింది. చెయ్యి దానంతట అదే ఒక పిడికెడు పక్కకి తీసేసింది. ఎక్కడ వెయ్యాలి? కుండ బోర్లా ఉందాయె. పిడికిలి బిగించుకుని అలాగే నిలబడింది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. అప్పుడు ఏడ్చింది చూడు, అప్పటిదాకా రాని ఏడుపంతా ఏడ్చింది. ఏడ్చి, కుండ తిప్పి పెట్టింది.

"కోపం తగ్గిందనుకునేవు, తగ్గలేదు. ఆయన్ని ఎందుకు తీసుకెళ్ళావో చెప్పేదాకా రోజూ అడుగుతాను. ఇదిగో, పట్టు," అని బియ్యం వేసింది.

ఆ తర్వాత మూడో కష్టం. కాలవకి నీళ్ళు రాలేదు. నాట్లు లేవు, కోతలు లేవు, కూలీ లేదు. దీనమ్మకి నీ అంత కూతురు ఉండేది, సలోమి. ఆ పిల్ల ఆకలికి ఏడుస్తోంది. ఇంట్లో గింజ లేదు. ఉన్నదల్లా ఏసయ్య కుండలో నాలుగు పిడికెళ్ళు.

దీనమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కుండ వంచి గంజి కాచి పిల్లకి తాగించింది. మర్నాడు పొయ్యి వెలగలేదు. అయినా ఒట్టి పిడికిలి కుండలో పెట్టి తెరిచింది.

"ఇవాళ నీకూ పస్తే, నాకూ పస్తే," అంది.

ఊరంతా గుప్పుమంది. దీనమ్మ దేవుడి బియ్యం తినేసిందట! ఆదివారం వచ్చింది. సిగ్గుతో ఇంట్లో కూర్చుంటుందని అందరూ అనుకున్నారు. కూర్చుంటుందా? ఖాళీ కుండ చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని గుడికొచ్చింది. అందరూ చూస్తుండగా గంప దగ్గరికెళ్ళి కుండ బోర్లించి, ఒట్టి పిడికిలి తెరిచింది.

కరుణమ్మ ఊరుకోలేదు. "నీకు నమ్మకం పోయిందని ఒప్పుకోవే, ఇంకా ఈ వేషాలెందుకు?"

దీనమ్మ వెనక్కి తిరిగింది. "నమ్మకం పోతే ఇంట్లో కూర్చునేదాన్ని వదినా. ఉంది కాబట్టే ఆయనతో పోట్లాటకొచ్చాను."

పాస్టరుగారు పీఠం దిగి వచ్చి, గంపలో బియ్యం దోసిళ్ళతో తీసి ఆ కుండ నింపారు. ఇన్నేళ్ళూ దీనమ్మ బియ్యం పోసిన గంపే అది. ఇంటికెళ్ళి వండబోతూ దీనమ్మ అందులోంచి మొదటి పిడికెడు తీసి పక్కన పెట్టింది.

"నువ్వింకా జవాబు చెప్పలేదు. నేనూ వదలను," అంది.

చెప్పాడా అంటావు, నాకు తెలుసు. లేదమ్మా. చచ్చిపోయేదాకా అడుగుతూనే ఉంది, పిడికెడు వేస్తూనే ఉంది. ఆ సలోమి ఎవరనుకున్నావు? నీకు జోకొడుతున్న ఈ ముసల్దే. మన పొయ్యి పక్కన ఉన్నది ఆ కుండే. మీ తాతని ఎందుకు తీసుకెళ్ళాడని ఇప్పుడు నేనూ అడుగుతున్నాను. రేపు పొద్దున నువ్వూ చెయ్యి పెట్టు. నీ కోపం ఏదున్నా ఆయనతోనే చెప్పు, కుండ మాత్రం బోర్లించకు.

కథ వెళ్ళింది కంచికి,
కుండ వెళ్ళింది గుడికి,
పిడికెడు వెళ్ళింది దేవుడికి,
పద, మనం పడకకి.